ఆరువేల మడత సైకిల్: కొనేముందు ఎక్కడ పట్టి చూడాలి, కొన్నాక ఏం బాగుచేయాలి

మామూలు సైకిల్‌కి లేకుండా మడత సైకిల్‌కి ఉండేవి నాలుగే. ఫ్రేము మధ్యలో ఒక కీలు, హ్యాండిల్ కాడ అడుగున ఇంకో కీలు, పొడుగ్గా పైకి లాగే సీటు గొట్టం, ముడుచుకునే పెడళ్లు. సెకండ్ హ్యాండ్‌లో డబ్బు పోయేదీ, ఒంటికి దెబ్బ తగిలేదీ ఈ నాలుగు చోట్లే. మిగతాదంతా మీ వీధి చివర సైకిల్ షాపాయన ఒక పూటలో సరిచేసే సరుకు. చూడ్డానికి వెళ్లినవాళ్లం మాత్రం సరిగ్గా తిరగేసి చేస్తాం: గేర్లు ఎన్ని, రంగు బాగుందా, టైరు కొత్తగా ఉందా అని.

నేనూ అదే చేశాను. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో, ట్యూబ్‌లైట్ వెలుతురులో చూసి 6,500 ఇచ్చి కొన్నాను. బండి తళతళలాడుతోంది. ఇంటికి తొక్కుకుంటూ వస్తుంటే మూడో కిలోమీటరు దాటేసరికి మోకాళ్లు హ్యాండిల్‌కి తగలడం మొదలైంది. సీటు మెల్లమెల్లగా కిందికి దిగిపోతోంది. అమ్మినాయన తళతళ కోసం సీటు గొట్టానికి కూడా నూనె పట్టించాడు! అది చిన్న తప్పే, పది నిమిషాల్లో సరైంది. తర్వాత బయటపడినవి అంత చిన్నవి కావు. మీరు కొనేటప్పుడు ఏ వరసలో చూడాలో, ఏది కనిపిస్తే బేరమాడాలో, ఏది కనిపిస్తే దండం పెట్టి వచ్చేయాలో చెబుతాను.

దుమ్ము పట్టిందే మేలు

2020 లాక్‌డౌన్ తర్వాత సైకిళ్లకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. అప్పుడు మోజుపడి కొన్నవి చాలా మటుకు ఇప్పుడు బాల్కనీల్లో బట్టలు ఆరేసుకునే స్టాండ్లు. ఫ్లాట్‌లో చోటు చాలదని మడత సైకిల్ కొన్నవాళ్లూ, డిక్కీలో వేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ట్రాక్‌కి వెళ్దామని కొన్నవాళ్లూ (23 కిలోమీటర్ల ఆ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది) నాలుగు ఆదివారాలు తొక్కి వదిలేశారు. మీకు ఓఎల్‌ఎక్స్‌లోనూ, గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లోనూ కనిపించేవి ఎక్కువగా ఇవే.

పాత మడత సైకిళ్లు రెండు రకాలు. నిలబడి పాడైనవి, తిరిగి అరిగినవి. నిలబడి పాడైనదానిలో పోయేది రబ్బరు, వైర్లు, ఎండిపోయిన గ్రీజు. ఇవన్నీ చవకే. రోజూ తిరిగి, రోజూ మడతపడి అరిగినదానిలో పోయేవి కీళ్లు. అవి దొరకవు, దొరికినా ధర చూసి నీరసం వస్తుంది. అందుకే సాలెగూళ్లు పట్టిన బండిని చూసి వెనక్కి తగ్గకండి. కడిగి మెరుగుపెట్టిన బండి ఎదురైతే ఇంకాస్త వంగి చూడండి.

ఒక్క చోట ఈ మాట చెల్లదు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రానికి దగ్గర బాల్కనీలో నాలుగేళ్లు నిలబడ్డ బండి అయితే ఉప్పుగాలి చక్రాల పుల్లల్నీ (స్పోకుల్నీ) బోల్టుల్నీ తినేసి ఉంటుంది. అల్యూమినియం మీద తెల్లటి పొడిలాంటి పొక్కులు కనిపిస్తే ఆ బోల్టు విప్పేటప్పుడు విరిగి చేతికొస్తుందనే అనుకోండి.

ధర సంగతికొస్తే నా లెక్క ఇది. అదే మోడల్ లేదా దాని సాటిది ఇప్పుడు కొత్తది ఎంతుందో చూడండి. అందులో సగానికి మించి ఇవ్వొద్దు. రిపేర్లకి ఇంకో 3,000 పక్కన పెట్టుకోండి. రెండూ కలిపితే కొత్తదాని ధర దరిదాపులకి వస్తోందంటే ఆ బేరం మీకు అక్కర్లేదు.

ఇంట్లో కూర్చునే చేయాల్సినవి

ముందు ఫొటోలు అడగండి. విప్పినప్పటిది ఒకటి, మడిచినప్పటిది ఒకటి, రెండు కీళ్ల దగ్గరి ఫొటోలు, చైను వైపుది, ఫ్రేము నంబరుది. ఇవి పంపడానికి విసుక్కునేవాళ్లతో పని పెట్టుకోవద్దు. "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్స్ వేస్తే పార్సిల్ పంపిస్తా" అనే మాట వినిపిస్తే అది బాగా పాతబడిన మోసం, అక్కడే ఆపేయండి. బండి చూడకుండా రూపాయి కూడా వేయకండి.

తర్వాత టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు ఫొటో తీసి పంపమనండి. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ ముందుముందు మీ జేబుని కాపాడేది ఇదే. మడత సైకిళ్లలో ఎక్కువ భాగం 20 అంగుళాల చక్రాలవి. అయితే 20 అంగుళాలు అనే పేరుతో రెండు వేర్వేరు కొలతలున్నాయి. ఒకటి 406, ఇంకోటి 451. ఇవి టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 406 టైరు 451 రిమ్ముకి ఎక్కదు. టైరు మీద 20 x 1.75 అనీ, పక్కన 47-406 అనీ ఉంటే నిశ్చింత. పిల్లల 20 అంగుళాల సైకిళ్లకి వాడేది అదే కొలత కాబట్టి ఖమ్మంలో అయినా కర్నూలులో అయినా టైరూ ట్యూబూ దొరుకుతాయి. 16 అంగుళాల్లోనూ ఇదే తిరకాసు. పిల్లల సైకిళ్లది 305, బ్రాంప్టన్ లాంటి కంపెనీల మడత సైకిళ్లది 349. అది ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి.

బరువు కూడా అడగండి. మామూలు మడత సైకిళ్లు 12 నుంచి 15 కిలోలు ఉంటాయి. మీకు ఎంఎంటీఎస్ స్టేషన్ మెట్లో, లిఫ్ట్ లేని రెండో అంతస్తో ఉంటే 15 కిలోలు తమాషా కాదు. ఎంత బరువు మనిషిని మోస్తుందో ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది. మొహమాటపడకుండా మీ బరువు దాంతో పోల్చుకోండి.

తీసుకెళ్లాల్సినవి: 4, 5, 6 నంబర్ల అలెన్ కీ సెట్టు (ఆరు పలకల గుంట ఉన్న బోల్టులు తిప్పే వంకీ కడ్డీలు), 15 నంబర్ పానా, 12 అంగుళాల స్టీలు స్కేలు, పాత బనియన్ గుడ్డ, చేతి పంపు, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి. పగలే వెళ్లండి. సెల్లార్లో చూపిస్తానంటే "ఒక్కసారి ఎండలోకి తెద్దాం సార్" అనండి. నేను అననందుకే ఇదంతా రాస్తున్నాను.

మీ చేత్తో మడవండి

వెళ్లగానే అమ్మేవాళ్లు టకటకా మడిచి చూపిస్తారు. చూసి నవ్వి, విప్పేసి, మీరే మళ్లీ మడవండి. మూడుసార్లు. ఏదైనా చోట వాళ్లు అలవాటుగా ఒక తన్ను తన్ని మూస్తున్నారా, ఏదైనా లీవరుని రెండు చేతులతో నొక్కుతున్నారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఫ్రేము కీలుకి ఉండే లీవరు మూసేటప్పుడు సగం దారి నుంచి బిగుతు తగలాలి, అరచేత్తో గట్టిగా నొక్కితే పడాలి. ఒక్క వేలితో పడిపోతే లూజు. కాలితో తొక్కాల్సి వస్తే ఎవరో అతిగా బిగించారు. చాలా మోడళ్లలో లీవరు దగ్గర చిన్న బోల్టో నట్టో ఉంటుంది, దాన్ని పావు తిప్పు తిప్పితే బిగుతు మారుతుంది. అది చివరిదాకా బిగించేసి ఉండి కూడా లీవరు ఇంకా లూజుగానే పడుతోందంటే లోపల అరిగిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాం. లీవరు తనంతట తాను తెరుచుకోకుండా చిన్న సేఫ్టీ గడియ ఉండాలి. అది విరిగిపోయి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటే ఆ ఇంట్లో మిగతా విషయాలు కూడా అలాగే నడుస్తుంటాయి.

మూసిన కీలులో రెండు ముఖాలూ చుట్టూ సమానంగా ఆనాలి. పాత బస్సు టికెట్టు లాంటి పల్చటి కాగితం పెట్టి చూడండి. ఒక వైపు దూరి, ఇంకో వైపు దూరకపోతే కీలు వంకర పడింది.

ఇప్పుడు అసలు పరీక్ష. సైకిల్ పక్కన నిలబడి ఒక చేత్తో ముందు బ్రేకు గట్టిగా పట్టుకోండి. రెండో చేతి వేళ్లు ఫ్రేము కీలు అతుకు మీద అడ్డంగా ఆనించండి. బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. వేళ్ల కింద 'టక్' మని కదలిక తెలిస్తే కీలులో ఆట ఉన్నట్టు. చెవిని నమ్మకండి, వేళ్లని నమ్మండి. ఎందుకంటే బ్రేకు రబ్బర్లు కదిలినా, హ్యాండిల్ బేరింగు లూజయినా శబ్దం అలాగే వస్తుంది. వేళ్లు ఒక్కో చోట పెట్టి ఊపితేనే ఎక్కడిదో తేలుతుంది. ఆట ఉందని తేలితే లీవరు బోల్టు బిగించి మళ్లీ చూడండి. పోతే మంచిదే. పోకపోతే ఇంటికి వచ్చేయండి. కీలు పిన్ను ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో లేతు మీద తిప్పించుకోవచ్చు కదా అనిపిస్తుంది. పిన్ను తిప్పుతారు, నిజమే. పిన్ను కూర్చునే రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే దాన్ని ఎవరు తిప్పుతారు?

పగుళ్లు వెతకడం

దీనికి తొందరపడొద్దు. గుడ్డతో దుమ్ము తుడిచి, ఫోన్ టార్చి అడ్డంగా పడేలా పట్టుకుని చూడండి. చూడాల్సిన చోట్లు నాలుగు: ఫ్రేము కీలుకి రెండు వైపులా వెల్డింగు అంచులు, హ్యాండిల్ కాడ అడుగున కీలు పైభాగం, సీటు గొట్టం దూరే చోట చీలిక చివర, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మెడ.

వెంట్రుకంత గీత కనిపిస్తే గోటితో అడ్డంగా గీయండి. గోరు తగిలితే అది గీత కాదు, పగులు. రంగు మీద గీతలు ఎటుపడితే అటు ఉంటాయి. పగులు మాత్రం వెల్డింగు అంచుని పట్టుకుని వెళ్తుంది. స్టీలు ఫ్రేములో పగులు నుంచి తుప్పు కారిన చార కనిపిస్తుంది. అల్యూమినియంలో నల్లటి సన్న గీత. స్టీలో అల్యూమినియమో తెలియాలంటే అయస్కాంతం పెట్టండి.

కీలు దగ్గర అవసరం లేని చోట స్టిక్కరు అంటించి ఉన్నా, ఒక్క ఆ భాగానికే కొత్త రంగు వేసి ఉన్నా అనుమానించాలి. స్టిక్కరు తీసి చూడొచ్చా అని అడగండి. వద్దంటే జవాబు వచ్చేసినట్టే.

"వెల్డింగు పెట్టిస్తే సరిపోతుంది తమ్ముడూ, నూటయాభై అవుతుంది" అని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. పెట్టించకండి. సైకిల్ ఫ్రేములకి వాడే అల్యూమినియాన్ని కంపెనీలో వేడిచేసి గట్టిపరుస్తారు. మళ్లీ వెల్డింగు వేడి తగిలితే ఆ చుట్టుపక్కల ఆ గట్టిదనం పోతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, అతుకు పక్కనే మళ్లీ తెగుతుంది. స్టీలుకి ఈ బాధ తక్కువ. కానీ కీలు పక్కన వెల్డింగు వేడికి కీలు వంగిపోతుంది, తర్వాత మడత సరిగ్గా పడదు. పగులున్న మడత సైకిల్‌కి తగ్గింపు ధర అంటూ లేదు.

హ్యాండిల్ కాడ

నన్నడిగితే ఫ్రేము కీలుకన్నా దీనికే ఎక్కువ భయపడాలి. ఫ్రేము కీలు వదులైతే బండి ఊగుతుంది, మీకు తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద హ్యాండిల్ కాడ కీలు ఊడితే మొహం రోడ్డుకి తగిలాకే తెలుస్తుంది.

ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, హ్యాండిల్‌ని మీవైపు లాగి, అవతలికి తోయండి. కాడ పొడుగు కాబట్టి కాస్త వంగినట్టు అనిపించడం సహజమే. మెత్తగా వంగితే పర్లేదు, 'టక్' మంటే పర్లేదనకండి. చాలా మోడళ్లలో హ్యాండిల్ కిందికి మడిస్తే లోపల ఒక అలెన్ బోల్టు కనిపిస్తుంది. కాడని ఫోర్కుకి పట్టి ఉంచేది అదే. అది వదులైనా ఇలాగే కొట్టుకుంటుంది. బిగించాక శబ్దం పోతే మీ అదృష్టం. ఇక ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నిటారుగా వచ్చిన చోట గుంటలో పడినట్టు ఆగుతోందంటే బేరింగు కప్పుల్లో గుంటలు పడ్డాయి. అది ప్రమాదం కాదు, బేరానికి పనికొచ్చే లోపం.

సీటు గొట్టం

పూర్తిగా బయటికి లాగండి. మడతపెట్టిన ప్రతిసారీ దించి ఎక్కించేది కాబట్టి నిలువు గీతలు ఉండటం మామూలే. అడుగున 'ఇంతకన్నా పైకి లాగొద్దు' అని ఒక గీత ఉంటుంది. మీ కాలి పొడవుకి సీటు పెట్టినప్పుడు ఆ గీత ఫ్రేము లోపలే ఉండాలి. ఆరడుగులవాళ్లు దీన్ని ముందే చూసుకోవాలి. లేదంటే గొట్టం వంగుతుంది, ఫ్రేము మెడ చీలుతుంది.

గొట్టం దూరే చోట చాలావాటిలో ఒక ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది అరిగితే ఎంత బిగించినా సీటు దిగుతూనే ఉంటుంది. నా బండికి నూనె తుడిచాక కూడా కాస్త దిగేది, కారణం ఇదే. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ సీసా కొని గొట్టం బయటా, ఫ్రేము లోపలా గుడ్డతో తుడిచాను. ఆ తర్వాత ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా నుంచి రెండంగుళాల వెడల్పు ముక్క కత్తిరించి తొడుగుకీ ఫ్రేముకీ మధ్య చుట్టాను. ఏడాదిన్నర అయింది, కదల్లేదు. అంచులు చేతులు కోస్తాయి, ఉప్పుకాగితంతో రుద్దండి. ఈ గొట్టానికి గ్రీజు, నూనె ఏవీ వద్దు.

మిగతావి త్వరగా

చైను అరుగుదల స్కేలుతో తేలుతుంది. ఒక పిన్ను నడిమధ్య సున్నా పెట్టి, అక్కడి నుంచి లెక్కిస్తే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద పడాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి) కూడా కలిపి మార్చాలి, లేకపోతే కొత్త చైను పాత పళ్ల మీద జారుతుంది.

గేరు మార్చే డిరైలర్‌ని వెనక నుంచి చూడండి. చిన్న చక్రాల బండి కాబట్టి అది నేలకి దగ్గరగా వేలాడుతుంది, పైగా డిక్కీలో కుడివైపు పడుకోబెడితే బరువంతా దాని మీదే. దాని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్ల చక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. చక్రం వైపు వంగి ఉంటే, చైను వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీదికి వేసిన రోజున పుల్లల్లో చిక్కుకుంటుంది.

క్రాంకుని (పెడల్ బిగించి ఉండే కడ్డీని) పట్టుకుని ఫ్రేము వైపు తోసి లాగండి, లూజుంటే క్రాంకులు తిరిగే యాక్సిల్ బేరింగు పని. చక్రాలు తిప్పి రిమ్ము ఎంత ఊగుతోందో బ్రేకు రబ్బరుకి దగ్గరగా చూడండి. పుల్లల్ని రెండేసి చొప్పున పిసకండి, ఏదైనా వదులుగా ఉందేమో తెలుస్తుంది. వెనక పుల్లలు ఒకటి రెండు తెగి ఉంటే మార్పించుకోవచ్చు, భయం లేదు.

ముందు చక్రం మాత్రం కాస్త ఆగి చూడండి. డాహన్, టర్న్ లాంటి కంపెనీల మడత సైకిళ్లలో ముందు హబ్బు (చక్రం నడిమధ్య ఇరుసు ఉండే భాగం) వెడల్పు 74 మిల్లీమీటర్లు. మామూలు గేరు సైకిల్‌ది 100. మడిచినప్పుడు సన్నగా ఉండాలని అలా చేస్తారు. ఆ హబ్బు పోతే కోఠీలో ఈసామియా బజార్ మొత్తం తిరిగినా అమ్మే చక్రాలు అందులో దూరవు. ఫోర్కు కాళ్ల మధ్య స్కేలు పెట్టి కొలవండి. సన్నదై ఉండి ముందు చక్రం కూడా దెబ్బతిని ఉంటే ధర బాగా దించాలి.

వైర్లు కీళ్ల దగ్గర రోజూ వంగుతాయి. హ్యాండిల్ పూర్తిగా ఒక వైపు తిప్పినప్పుడు వెనక బ్రేకు దానంతట అదే పడుతోందేమో చూడండి.

తర్వాత తొక్కండి. సీటు గొట్టం మీద పెన్నుతో గీత పెట్టి, పది పదిహేను నిమిషాలు, స్పీడ్ బ్రేకర్లున్న వీధిలో. అమ్మేవాళ్లకి టెన్షన్ లేకుండా మీ బండి తాళాలో, తోడు వచ్చినవాళ్లనో అక్కడ ఉంచండి. చిన్న చక్రాల బండి మొదట తుళ్లుతున్నట్టు ఉంటుంది, అది లోపం కాదు. దిగాక గీత ఎక్కడుందో చూసుకుని, బండి మడిచి, ఒక చేత్తో రెండు అంతస్తులు ఎక్కండి. మీ భుజం ఏమంటుందో వినండి.

బేరం

లోపాల్ని రెండు కుప్పలు చేయండి. పగులు, కీలులో పోని ఆట, సాగిన రంధ్రం ఒక కుప్ప. ఇందులో ఒక్కటున్నా బేరం లేదు. టైర్లు, ట్యూబులు, వైర్లు, బ్రేకు రబ్బర్లు, చైను, ఫ్రీవీలు, బేరింగులు ఇంకో కుప్ప. ఇవి ఎన్ని ఉంటే అంత మంచిది, ధర దించడానికి. నాకు ఆ కుప్పకి అయిన ఖర్చు: టైర్లూ ట్యూబులూ 1,300, వైర్లు 350, బ్రేకు రబ్బర్లు 250, చైనూ ఫ్రీవీలూ 900, బేరింగు పని 300. మొత్తం 3,100. ఇవన్నీ కొనేముందే చూసి ఉంటే ఆ సైకిల్ 4,500కి వచ్చేది.

బిల్లు అడగండి. లేకపోతే ఫ్రేము నంబరు, తేదీ, ఇచ్చిన మొత్తం వాట్సాప్‌లో వాళ్లచేత రాయించుకోండి. దొంగసొత్తని తెలిసి కొనడం కూడా నేరమే. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడటం కూడా మంచిది. కీలు లోపాల వల్ల కొన్ని మోడళ్లని కంపెనీలే వెనక్కి పిలిచిన సందర్భాలున్నాయి.

ఇంటికి తెచ్చాక

మొదటి వారం ఏ రిపేరూ మొదలుపెట్టకండి, ఒక్క బ్రేకులు తప్ప. తొక్కుతూ, వింటూ, రాసుకోండి. నేను తొందరపడ్డాను. కుడి పెడల్ కిందికి వెళ్లినప్పుడల్లా టక్, టక్. యాక్సిల్ బేరింగే అని షాపులో విప్పించి, బాల్స్ మార్పించి, గ్రీజు పెట్టించాను. మళ్లీ టక్. సీటు మీంచి లేచి తొక్కినా వచ్చింది, కాబట్టి సీటుది కాదు. తొక్కకుండా కీలు మీద వేళ్లు పెట్టి ఊపితే నిశ్శబ్దం, కాబట్టి కీలుది కాదు. చివరికి మా వాచ్‌మన్ కొడుకు సైకిల్ పెడల్ అరువు తెచ్చి బిగిస్తే శబ్దం మాయం. ముడుచుకునే పెడల్‌లో మడత దగ్గర వచ్చిన ఆట అది. 250 రూపాయల పెడల్ కోసం 300 బేరింగు పని చేయించాను. ముందు విప్పడానికి తేలికైనవి మార్చి చూడండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మర్చిపోకండి, బలవంతం చేస్తే క్రాంకు మర పోతుంది. క్రాంకులో బిగించే పెడల్ మర లావు కూడా సరిచూసుకుని కొనండి.

వైర్లు మార్పించేటప్పుడు షాపాయనకి ఒక మాట చెప్పి తీరాలి: "అన్నా, పైతొడుగు కోసేముందు ఒకసారి మడిచి చూడు." విప్పి ఉన్నప్పుడు సరిపోయిన తొడుగు మడిస్తే లాగేస్తుంది, రెండు వారాల్లో చివర తెగుతుంది. మడత సైకిల్ హ్యాండిల్ కాడ పొడుగు కాబట్టి వెనక బ్రేకుకీ గేరుకీ మామూలు సైకిల్ వైరు చాలకపోవచ్చు. పొడుగు వైరు ముందే కొని పట్టుకెళ్లండి.

టైర్ల పక్కల బీటలుంటే గాలి ఎక్కినంత మాత్రాన నమ్మొద్దు, మార్చేయండి. ట్యూబు కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. గాలి కొట్టే మూతి మన సైకిళ్ల వాల్‌ట్యూబు రకమా, మోటార్ సైకిల్ రకమా అన్నది పాతది చూస్తేనే తెలుస్తుంది. మోటార్ సైకిల్ రకమైతే పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకోవచ్చు, కానీ ఇంత చిన్న ట్యూబు ఆ కంప్రెసర్‌కి రెండు సెకన్ల పని. టైరు మీద ఎంత ఒత్తిడి రాసి ఉందో చెప్పి, కాస్త తక్కువే కొట్టించి, ఇంటి దగ్గర పంపుతో నింపండి.

కీలు పిన్నుకి నెలకో చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. చైనుకి కొబ్బరినూనె రాసేవాళ్లని చూశాను. రెండో రోజుకి అది దుమ్ముతో కలిసి హల్వా అవుతుంది. రిమ్ముకీ బ్రేకు రబ్బర్లకీ ఏ స్ప్రే తగలనివ్వకండి. లీవర్ల బిగుతు మాత్రం ఎక్కిన ప్రతిసారీ, చెప్పుల్లో కాళ్లు పెట్టినంత అలవాటుగా చూసుకోవాలి.

పగులు తర్వాత బయటపడితే

మా మిత్రుడికి ఇలాగే అయింది. కొన్న నెలకి కడుగుతుంటే హ్యాండిల్ కాడ మీద కంపెనీ స్టిక్కరు ఊడొచ్చింది. కింద నల్లటి గీత. గోరు తగిలింది. అమ్మినవాళ్లకి ఫొటో పంపితే రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

అలాంటప్పుడు ముందు తొక్కడం ఆపేయాలి, గల్లీ చివరిదాకా కూడా వద్దు. పగిలింది విడిగా మారే భాగమైతే (హ్యాండిల్ కాడ కొన్ని మోడళ్లలో దొరుకుతుంది) ధర కనుక్కోండి. ఫ్రేమే అయితే విప్పేయండి. చక్రాలు, డిరైలర్, ఫ్రీవీలు, సీటు, బ్రేకులు విడివిడిగా అమ్మితే పెట్టిన డబ్బులో కొంతైనా తిరిగొస్తుంది. 406 చక్రాలైతే పిల్లల సైకిల్ ఉన్నవాళ్లు తీసుకుంటారు.

మా వాడికి కాడ దొరకలేదు. చక్రాలు తీసి వాళ్లక్క కొడుకు సైకిల్‌కి బిగించాడు. కాడనీ ఫ్రేమునీ పాతసామాన్ల బండికి వేసేముందు ఆక్సా బ్లేడుతో రెండుచోట్లా అడ్డంగా కోశాడు. "ఎందుకు సార్ కోశారు, అట్లనే ఇస్తే ఇంకో వంద ఎక్కువిస్తుంటి" అన్నాడు ఆ బండాయన. అందుకే కోశానని వాడు చెప్పాడు.